ఒకే ఎలుక, రెండు తోకలు

అందరికీ నమస్కారం.

ఎలుకల గురించి చెప్పడానికి అమెరికా దాకా పోవాలా అని మీకు అనిపించొచ్చు. పోవాలి. అక్కడ డీర్ మౌస్ అనే ఎలుకను నూరేళ్లకు పైగా పట్టి, కొలిచి, తోలు తీసి మ్యూజియంలలో దాస్తూనే ఉన్నారు. 1909లోనే ఆస్‌గుడ్ అనే జంతుశాస్త్రజ్ఞుడు వేల నమూనాలు ముందేసుకుని ఈ ఎలుకల కుటుంబాన్ని వర్గీకరించాడు. (పట్టడం అంత తేలికేమీ కాదు. 1993లో అక్కడ మనుషుల ప్రాణాలు తీసిన హాంటా వైరస్‌ను మోసేది ఈ ఎలుకే. మాస్కు, గ్లౌజులు లేకుండా ముట్టుకోకూడదు.)

అడవిలో దొరికేదానికి తోక పొడుగు, ఒంటి రంగు ముదురు. గడ్డిమైదానంలో దొరికేదానికి తోక పొట్టి, రంగు లేత. అయినా రెండూ ఒకే జాతి. జతకడితే పిల్లలు పుడతాయి, ఆ పిల్లలకూ సంతానం కలుగుతుంది.

పొడుగు తోక ఎందుకంటే చెట్లెక్కడానికి. తోకను కొమ్మకు చుట్టి వేలాడుతుందనుకునేరు, అదేం కాదు. సన్నటి కడ్డీ మీద నడిపించి వీడియో తీస్తే, ఒళ్లు ఓ పక్కకు ఒరగబోయినప్పుడల్లా అడవి ఎలుక తోక ఊపి సర్దుకుంటోంది. ఆ తోకను ఎక్స్‌రే తీస్తే ఎముకలు ఎక్కువే ఉన్నాయి, ఒక్కో ఎముకా పొడుగ్గానే ఉంది. జన్యువుల్లో వెతికితే ఆరు చోట్లు తేలాయి. మూడు ఎముకల పొడవుకు, మూడు వాటి సంఖ్యకు సంబంధించినవి. నాకైతే ఈ లెక్కే అన్నిటికన్నా ముచ్చటగా ఉంటుంది.

అసలు చిక్కు వేరే ఉంది. అడవికీ మైదానానికీ మధ్య గోడేమీ లేదు. ఎలుకలు అటూ ఇటూ తిరుగుతాయి, జన్యువులు బాగా కలుస్తాయి. మరి తేడా కలిసిపోకుండా ఎలా నిలిచింది?

2022లో వెలువడిన పరిశోధనలో ఒక జవాబు దొరికింది. ఒరెగాన్ రాష్ట్రంలో పడమటి తడి అడవుల ఎలుకలనూ తూర్పు పొడి నేలల ఎలుకలనూ పోల్చారు. ఒక క్రోమోజోమ్‌లో సుమారు 4.1 కోట్ల డీఎన్‌ఏ అక్షరాల ముక్క తిరగబడి ఉంది, రైలు మధ్యలో కొన్ని బోగీలు విప్పి వరుస తిరగేసి మళ్లీ తగిలించినట్టు. అడవిలో ఈ తిరగబడిన రూపం వాటా 90 శాతం. మైదానంలో అసలు లేదు. మధ్య ప్రాంతంలో అడవి పలచబడేకొద్దీ తగ్గుతూ పోతుంది. తోక పొడవుకూ రంగుకూ రెంటికీ దీంతో సంబంధం ఉంది.

అండం, వీర్యకణం తయారయ్యేటప్పుడు జత క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటాయి. తిరగబడిన ముక్క, మామూలు ముక్కతో అలా మార్పిడికి కుదరదు. అందుకే అందులోని జన్యువులు విడిపోకుండా మూటగా తరువాతి తరానికి పోతాయి. మిగతా జన్యువులు ఎంత కలిసినా ఆ మూట విడదు. మైదానంలో ముదురు రంగు పనికిరాదు కాబట్టి అక్కడ నిలవదు.

ఎలుకకు మేలు చేసిన ఈ మూటే పరిశోధకులకు తలనొప్పి. మామూలుగా అయితే ముక్కలు మారిన పిల్లలను చూసి, ఏ జన్యువు ఏ పని చేస్తోందో ఒక్కొక్కటిగా వేరుచేస్తారు. ఇక్కడ ముక్కలే మారవు. తోకను పెంచేది ఏదో, రంగును ముదిర్చేది ఏదో ఆ దారిన విడదీయడం కుదరదు.