అబ్దుల్లాహి అన్-నయీమ్: విశ్వాసం, చట్టం, మానవ హక్కులు

శ్రోతలకు నమస్కారం.

ఈ రోజు నేను పరిచయం చేయబోతున్న పండితుడు 2008లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణ సంస్థ ద్వారా ఒక గ్రంథాన్ని ప్రచురించారు. దాని మొదటి వాక్యం చదివిన వారెవరైనా కొంతసేపు ఆగిపోతారు. నమ్మకంతో, స్వేచ్ఛగా ఎంచుకుని ముస్లింగా ఉండాలంటే తనకు లౌకిక రాజ్యం కావాలని, అలా స్వేచ్ఛగా ఎంచుకుంటే తప్ప ముస్లింగా ఉండటం సాధ్యమే కాదని ఆ వాక్య సారాంశం. మతం పొడ గిట్టనివారు లౌకిక రాజ్యాన్ని కోరడం మనకు తెలుసు. అన్య మతస్థుల ఆధిపత్యానికి భయపడే అల్పసంఖ్యాకులు కోరడమూ తెలుసు. ఇస్లామును ప్రాణప్రదంగా భావించే ఒక సూడాన్ దేశస్థుడు, తన మతం కోసమే, తన మతస్థులు అధిక సంఖ్యలో ఉన్న దేశంలోనే ప్రభుత్వం మతానికి దూరంగా ఉండాలని కోరడం మాత్రం అరుదు. ఆయన పేరు అబ్దుల్లాహి అహ్మద్ అన్-నయీమ్.

1946లో సూడాన్‌లో జన్మించిన అన్-నయీమ్ 1970లో ఖార్టూమ్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్ర పట్టా పొందారు. తరువాత కేంబ్రిడ్జిలో చదివి, 1976లో ఎడిన్‌బరోలో డాక్టరేటు పూర్తి చేసి, స్వదేశానికి తిరిగి వెళ్లి అదే ఖార్టూమ్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకులయ్యారు. ఇంతవరకు చూస్తే, స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశాబ్దాలలో ఆసియా, ఆఫ్రికా దేశాల ప్రతిభావంతులైన యువకులు నడిచిన దారిలోనే ఆయనా నడిచారు. ఆయన జీవితాన్ని మలిచిన చదువు మాత్రం తరగతి గదుల బయట జరిగింది. న్యాయశాస్త్ర విద్యార్థిగా ఉన్న రోజుల్లోనే ఆయన మహమూద్ మొహమ్మద్ తాహా ఉపన్యాసాలు విని, ఆయన నడుపుతున్న రిపబ్లికన్ సోదర సంఘంలో చేరారు.

ఆ గురువు గురించి కొంత విపులంగా చెప్పాలి. తాహా వృత్తి రీత్యా ఇంజనీరు. సూడాన్ రైల్వేలో పని చేశారు. బ్రిటిష్ పాలనను వ్యతిరేకిస్తూ 1945లో రిపబ్లికన్ పార్టీని స్థాపించారు. ఆ మరుసటి ఏడాది రుఫాఆ పట్టణంలో, తన కూతురికి సంప్రదాయం ప్రకారం సున్తీ చేయించిన ఒక తల్లిని వలస ప్రభుత్వం కొత్త చట్టం కింద జైలులో పెట్టినప్పుడు, ఆయన నిరసనకు నాయకత్వం వహించి రెండేళ్లు కారాగారంలో గడిపారు. ఆడపిల్లలను హింసించే ఆ ఆచారం పట్ల ఆయనకు గౌరవం ఉండి చేసిన పని కాదది. పరాయి ప్రభుత్వం తల్లులను జైలుకు పంపినంత మాత్రాన ఆచారం పోదని, చదువు వల్లనే పోతుందని ఆయన వాదన. బలవంతం మీద నిలిచిన మంచి ఎంతకాలం నిలుస్తుందన్న ఈ ప్రశ్న గురువు నుంచి శిష్యుడికి సంక్రమించి, దశాబ్దాల తరువాత వేరొక రూపంలో మళ్లీ కనిపిస్తుంది.

తాహా సిద్ధాంతానికి మూలం ఖురాన్ అవతరణ క్రమం. ప్రవక్త మక్కాలో ఉన్న కాలంలో అవతరించిన ఆయతులు, అంటే ఖురాన్ వాక్యాలు, మనుషులందరినీ ఉద్దేశించి, సమానత్వాన్ని, మత విషయంలో స్వేచ్ఛను చాటాయని, మదీనాకు వలస వెళ్లిన తరువాత అవతరించిన ఆయతులు ఏడవ శతాబ్దపు సమాజం మోయగలిగినంత మేరకు నియమాలను ఏర్పరచాయని ఆయన వివరించారు. తరువాతి ఆయతు ముందరి ఆయతును రద్దు చేస్తుందన్న సంప్రదాయ సూత్రాన్ని ఆయన తిరగవేశారు. మక్కా సందేశం రద్దు కాలేదనీ, మానవజాతి దానికి సిద్ధపడేదాకా వాయిదా పడిందనీ, ఇప్పుడు ఆ సమయం వచ్చిందనీ అన్నారు. ఈ మాటను ఆయన పుస్తకాలకే పరిమితం చేయలేదు. ఆయన సంఘంలోని స్త్రీలు వీధుల్లో నిలబడి ప్రసంగించేవారు. పెళ్లిళ్లు నామమాత్రపు మహర్‌తో (వరుడు వధువుకు ఇచ్చే సొమ్ముతో), విడాకుల విషయంలో భార్యకు సమాన హక్కు ఇచ్చే ఒప్పందంతో జరిగేవి.

1983 సెప్టెంబరులో సూడాన్ అధ్యక్షుడు జాఫర్ నిమేరి షరియా పేరుతో శిక్షాస్మృతిని ప్రకటించారు. తాహా అనుచరులైన రిపబ్లికన్లు చాలామంది అప్పటికే విచారణ లేకుండా నిర్బంధంలో ఉన్నారు. వారిలో అన్-నయీమ్ కూడా ఒకరు. 1984 డిసెంబరులో విడుదలైన వెంటనే, అదే నెల 25వ తేదీన, వారు ఒక కరపత్రం పంచారు. సెప్టెంబరు చట్టాలు ఇస్లామును వక్రీకరించాయని, ప్రజలను అవమానించాయని, దేశ ఐక్యతకు ముప్పు తెచ్చాయని అందులో రాశారు. దక్షిణాన సాగుతున్న అంతర్యుద్ధంలో రక్తపాతం ఆపి, శాంతియుత పరిష్కారం వెదకాలని కోరారు. 1985 జనవరి 5న తాహాను అరెస్టు చేశారు. 7న విచారణ, 8న మరణశిక్ష. 18వ తేదీ శుక్రవారం, డెబ్బై ఏళ్లు దాటిన ఆ వృద్ధుణ్ణి ఖార్టూమ్ నార్త్‌లోని కోబర్ జైలులో, వచ్చి చూసిన జనం ఎదుట ఉరి తీశారు. పశ్చాత్తాపం ప్రకటిస్తే ప్రాణం దక్కుతుందని ఆయనతో పాటు శిక్ష పడిన నలుగురు శిష్యులకు గడువు ఇచ్చారు. వారు పశ్చాత్తాపం ప్రకటించారు. వారిని తప్పుపట్టడానికి మనకు నోరు రాదు. సరిగ్గా డెబ్బై ఎనిమిది రోజులకు, ఏప్రిల్ 6న, ప్రజల తిరుగుబాటు నేపథ్యంలో సైన్యం నిమేరిని గద్దె దింపింది. ఆ నెలలోనే అన్-నయీమ్ సూడాన్ విడిచి వెళ్లారు.

దుఃఖంలో ఉన్న శిష్యుడు గురువు స్మృతిగీతం రాస్తాడనుకుంటాం. అన్-నయీమ్ న్యాయవాదిలా తీర్పు ప్రతిని చేతిలోకి తీసుకున్నారు. 1986లో మతాధ్యయన పత్రిక ఒకదానిలో ప్రచురించిన వ్యాసంలో ఆయన ఆ కేసును అంచెలంచెలుగా పరిశీలించారు. కింది కోర్టులో మోపిన నేరారోపణ రాజ్యాంగాన్ని, ప్రభుత్వాన్ని ధిక్కరించడమే. మతభ్రష్టత, అంటే ఇస్లామును విడిచిపెట్టడం, అనే నేరం నాటి శిక్షాస్మృతిలో లేనే లేదు. అయినా అప్పీలు కోర్టు, నిందితుడిని పిలిచి అడగకుండానే, చట్టంలో ఖాళీ ఉన్నచోట షరియాను అనుసరించవచ్చన్న మరొక శాసనాన్ని ఆసరా చేసుకుని, ఆ నేరాన్ని తానే చేర్చింది. 1986 నవంబరులో సూడాన్ సుప్రీంకోర్టు, తాహా కుమార్తె ప్రభృతులు వేసిన వ్యాజ్యంపై, ఆ తీర్పు చెల్లదని ప్రకటించింది. అన్-నయీమ్ మాత్రం విధానపరమైన లోపాలను ఎత్తిచూపి సంతృప్తి పడలేదు. ఆ కోర్టు పద్ధతి ప్రకారమే నడిచి ఉంటే ఏమయ్యేది? సంప్రదాయ ఫిఖ్‌లో, అంటే ఇస్లామీయ న్యాయశాస్త్రంలో, మతభ్రష్టతకు మరణశిక్ష ఉన్నదన్న సంగతిని ఆయన దాచలేదు, మెత్తగా చెప్పనూ లేదు. తన సంప్రదాయంలోని గట్టి ముడిని తానే చూపి, దాన్ని విప్పవలసిన బాధ్యత తమదేనని అంగీకరించడం నాకు ఈ పండితునిలో అన్నిటికంటే విలువైన గుణంగా తోస్తుంది.

1987లో ఆయన తాహా ప్రధాన గ్రంథాన్ని అరబ్బీ నుంచి ఇంగ్లీషులోకి అనువదించారు. 1990లో వెలువడిన తన సొంత గ్రంథంలో, గురువు చూపిన మార్గంలో సంస్కరించిన షరియా, రాజ్యాంగ పాలనకు, శిక్షా న్యాయానికి, అంతర్జాతీయ చట్టానికి, మానవ హక్కులకు ఎలా పునాది కాగలదో చర్చించారు. ఆ ఏళ్లలో ఆయన లాస్ ఏంజిలిస్, కెనడాలోని సస్కచ్వాన్, స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయాలలో బోధిస్తూ గడిపారు. 1993 నుంచి 1995 వరకు హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ ఆఫ్రికా విభాగానికి కార్యనిర్వాహక సంచాలకులుగా ఉన్నారు. రువాండా మారణహోమం జరిగిన 1994 ఆ రెండేళ్ల మధ్యనే వచ్చింది.

హక్కుల సంస్థల పనితీరును లోపలి నుంచి చూసినవాడు గనుక, ఆయన తరువాత చేసిన విమర్శకు బరువు ఎక్కువ. దాన్ని ఆయన హక్కుల పరాధీనత అన్నారు. ఒక ఆఫ్రికా దేశంలో అన్యాయం జరుగుతుంది. అక్కడి కార్యకర్త విదేశీ నిధులతో నివేదిక తయారుచేస్తాడు. అది వాషింగ్టన్‌కో లండన్‌కో చేరుతుంది. అక్కడి ప్రభుత్వం, తనకు అనుకూలమైతే, సహాయం ఆపుతానని ఈ ప్రభుత్వాన్ని ఒత్తిడి చేస్తుంది. ఖైదీ విడుదల కావచ్చు, అది చిన్న విషయమేమీ కాదు. కానీ ఈ మొత్తం ప్రయాణంలో ఆ దేశ ప్రజలకు ఎక్కడా చోటు లేదు. ఎవరి హక్కు కోసం ఇదంతా జరుగుతున్నదో వారికి అది తమ హక్కు అనిపించనే అనిపించదు. కాబట్టి ప్రతి సమాజం తన భాషలో, తన ధర్మగ్రంథాల ఆధారంగా, తన లోపల తాను వాదించుకుని హక్కులను తనవి చేసుకోవాలని, ఆ తరువాత ఇతర సంస్కృతులతో సంభాషించాలని ఆయన ప్రతిపాదించారు. ఇతరులు మనతో ఎలా వ్యవహరించాలని కోరుకుంటామో మనమూ వారితో అలాగే వ్యవహరించాలన్న సూత్రం అన్ని మతాలలోనూ ఉన్నదని, దాని మీద ఆ సంభాషణను నిలపవచ్చని ఆయన నమ్మకం.

హక్కుల విషయంలో ముస్లిం సమాజాల లోపలి అభిప్రాయ భేదాలు కొత్తవి కావు. 1948 డిసెంబరు 10న ఐక్యరాజ్యసమితి విశ్వ మానవ హక్కుల ప్రకటనను ఆమోదించినప్పుడు, మతం మార్చుకునే స్వేచ్ఛను కూడా గుర్తించే 18వ అధికరణంపై ముస్లిం దేశాలే ఒక్క మాట మీద లేవు. సౌదీ అరేబియా ఓటు వేయకుండా ఊరుకుంది. పాకిస్తాన్ విదేశాంగ మంత్రి జఫరుల్లా ఖాన్ ఆ అధికరణాన్ని సమర్థించారు.

1995లో అన్-నయీమ్ అమెరికాలోని అట్లాంటా నగరంలో ఉన్న ఎమరీ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్ర ఆచార్యులుగా చేరారు. అక్కడ ఆయన చేపట్టిన పనులలో, ప్రపంచమంతటా ముస్లిం కుటుంబ చట్టాలు ఏయే రూపాల్లో అమలవుతున్నాయో పరిశీలించిన పెద్ద అధ్యయనం ఒకటి. 2002లో గ్రంథంగా వెలువడిన ఈ అధ్యయనం జరిగిన కాలంలోనే ఆయన ఆలోచన మలుపు తిరిగిందని నేను అనుకుంటాను. 1990లో సంస్కరించిన షరియాను ప్రజా చట్టానికి పునాదిగా ఊహించిన మనిషి, 2008 నాటికి, ఎంత సంస్కరించినా సరే షరియాను రాజ్యం అమలు చేయరాదన్నారు. షరియాలో పలు సంప్రదాయాలు, వాటిలో మళ్లీ పలు అభిప్రాయాలు ఉంటాయి. విశ్వాసి వాటిలో ఒకదాన్ని అంతరాత్మ సాక్షిగా ఎంచుకుంటాడు. చట్టసభ ఒక అభిప్రాయాన్ని ఎంచి శాసనం చేసి, పోలీసు చేతికిచ్చిన క్షణంలో అది ప్రభుత్వ ఇష్టం అవుతుందే తప్ప దైవాజ్ఞ కాదు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. ఆ 2008 నాటి గ్రంథంలో ఆయన వివరంగా పరిశీలించిన మూడు దేశాలు భారత్, టర్కీ, ఇండోనేషియా. భారతదేశపు అధ్యాయం ఢిల్లీ సుల్తానుల కాలం నుంచి మొఘలుల మీదుగా, బ్రిటిష్ పాలన, స్వాతంత్ర్యానంతర మత కల్లోలాల దాకా సాగుతుంది. తెలుగు నేల మీది కుటుంబ న్యాయస్థానాలలో నేడు ముస్లిం పర్సనల్ లా అనే మాట వినిపిస్తుంది కదా, దాని రూపం ఎలా ఏర్పడిందో గమనించండి. మధ్య ఆసియాలో 12వ శతాబ్దంలో హనఫీ న్యాయ సంప్రదాయానికి చెందిన ఒక పండితుడు అరబ్బీలో రాసిన హిదాయా అనే గ్రంథాన్ని పారశీకంలోకి మార్చారు. ఆ పారశీక పాఠం నుంచి చార్లెస్ హామిల్టన్ ఇంగ్లీషులోకి అనువదించి 1791లో ప్రచురించారు. అరబ్బీ రాని న్యాయమూర్తులు దాన్ని ముందు పెట్టుకుని తీర్పులిచ్చారు. ఆ తీర్పులు పూర్వ ప్రమాణాలై పేరుకుపోయాయి. 1937లో కేంద్ర శాసనం దీనికి షరియత్ పేరు పెట్టింది. పండితుల చర్చలో కదులుతూ ఉండవలసినది ఇలా కోర్టు నివేదికల్లో గడ్డకట్టిందని అన్-నయీమ్ అంటారు. ఉమ్మడి పౌర స్మృతి కావాలనేవారూ వద్దనేవారూ కూడా ఈ చరిత్రను తెలుసుకుంటే చర్చ మరికొంత నిజాయితీగా సాగుతుంది.

లౌకిక రాజ్యం అంటే మతస్థులు రాజకీయాల్లో నోరు మూసుకోవాలని ఆయన అర్థం కాదు. రాజ్యాన్ని, రాజకీయాన్ని ఆయన వేరుచేసి చూశారు. విశ్వాసి తన విలువలతోనే ప్రజల మధ్యకు రావచ్చు, ఓటు అడగవచ్చు, చట్టం ప్రతిపాదించవచ్చు. అయితే ఆ చట్టం ఎందుకు కావాలో, ఆ మతం కాని పౌరుడు కూడా తూచి చూడగల కారణాలతో చెప్పాలి. దేవుడు చెప్పాడు గనుక అన్న ఒక్క మాటతో చర్చ ముగియరాదు.

ఆయనను ఇరువైపుల వారూ నిలదీశారు. మదీనా ఆయతులను పక్కన పెట్టే అధికారం నీకెవరిచ్చారని సంప్రదాయ ఉలేమా, అంటే మత పండితులు, అడిగారు. మానవ హక్కులకు మతం అనుమతి ఎందుకని హక్కుల వాదులు అడిగారు. రెండవ ప్రశ్న నాకు బరువైనదిగా కనిపిస్తుంది. అనుమతి కోసం కాదు, ఆచరణ కోసమని, వేళ్లు లేని హక్కు కాగితం మీదనే మిగులుతుందని ఆయన సమాధానం. అది నిజమే. కానీ భరణం కోసం ఈ ఉదయం కోర్టు మెట్లెక్కిన స్త్రీ, తన సమాజం లోపలి చర్చ ముగిసేదాకా వేచి ఉండలేదు. ఆమెకు ఈ రోజే చట్టం కావాలి. ఈ చిక్కు ఆయన రచనల్లో పూర్తిగా విడిపోయిందని నేను అనను.

1991లో సూడాన్ శిక్షాస్మృతిలో మతభ్రష్టతకు మరణశిక్ష 126వ సెక్షనుగా ప్రవేశించింది. 1985లో చట్టంలో లేకుండానే తాహా ప్రాణం తీసిన నేరం అలా అక్షరబద్ధమైంది. 2018 డిసెంబరులో మొదలైన ప్రజా ఉద్యమం మరుసటి ఏడాది ఒమర్ అల్-బషీర్ పాలనను కూల్చిన తరువాత, తాత్కాలిక ప్రభుత్వం 2020 జులైలో ఆ నేరాన్ని శిక్షాస్మృతి నుంచి తొలగించింది. ఆ మరుసటి ఏడాది, డెబ్బై అయిదేళ్ల వయసులో, అన్-నయీమ్ మానవ హక్కులను వలస భావన నుంచి విడిపించడం గురించి మరొక గ్రంథం ప్రచురించారు. ప్రభుత్వాలు ఇచ్చి, ప్రభుత్వాలు తీసుకునే వరాలుగా కాక, ప్రజలే తమ మధ్య నిలబెట్టుకునే నడవడిగా హక్కులు ఎలా మారగలవన్నదే అందులోనూ ఆయన వెదికింది.

నమస్కారం.