బానెట్ ఎత్తి చూడండి
ఇంజనీరింగ్ కాలేజీ మెకానికల్ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం.

ఇందాక పరిచయం చేస్తూ నన్ను కార్ల నిపుణుడన్నారు. ఆ మాట మా మెకానిక్ చెవిన పడితే పగలబడి నవ్వుతాడు. నేను బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి. చదివింది బీకాం. కార్ల గురించి నాకు తెలిసిందంతా చేతులకు గ్రీజు పూసుకుని, మెకానిక్కుల దగ్గర చీవాట్లు తిని నేర్చుకున్నదే. థర్మోడైనమిక్స్ మీ సార్లు చెబుతారు, నేను దాని జోలికి పోను.

ముందే ఒక సంగతి తేల్చేస్తాను. ఈయన దగ్గర పాత ఫియట్ ఉందిట, "ఆ రోజుల్లో కార్లంటే కార్లు, ఇప్పటివి రేకు డబ్బాలు" అని గంటసేపు వాయిస్తాడని మీరు బెంగపెట్టుకోకండి. పాత కారు మంచి కారు కాదు. బ్రేకులు, లైట్లు, మైలేజీ, పొగ, ఏ లెక్కన చూసినా మీ ఇంటి ముందున్న కారే మేలు. మరి ఈ వయసులో దాన్ని పట్టుకుని ఎందుకు వేళ్లాడుతున్నావయ్యా అంటే, అది లోపల ఏం జరుగుతోందో నాకు చూపిస్తుంది. కొత్త కారు దాస్తుంది. నా గోలంతా ఇదే.

మాది కొవ్వూరు. మీలో సగం మంది రోజూ గోదావరి దాటి కాలేజీకి వస్తుంటారు. పైన రోడ్డు, కింద రైలు ఉన్న ఆ వంతెన 1974లో వచ్చింది. అంతకుముందు 1900 నాటి హేవలాక్ వంతెన ఉండేది కానీ, అది రైలుకే. కారు రాజమండ్రి చేరాలంటే పంటు ఎక్కాల్సిందే. రెండు పెద్ద పడవలు పక్కపక్కన కట్టి, మీద బల్లలు పరిస్తే అది పంటు. లాంచీ దాన్ని లాక్కుపోయేది. నరసాపురం, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కినవాళ్లు ఉంటే వాళ్లకి నేను వర్ణించక్కర్లేదు.

మా పెదనాన్నగారికి పొగాకు వ్యాపారం. ఆయనకో ల్యాండ్‌మాస్టర్ కారుండేది. అంబాసిడర్ రాకముందు హిందుస్థాన్ మోటార్స్ చేసిన కారది, 1954లో వచ్చింది. దాన్ని నడిపే ఆయన్ని పిల్లలం డ్రైవర్ మావయ్య అనేవాళ్లం. రేవు దగ్గర అందరూ దిగిపోవాలి, కార్లో మావయ్య ఒక్కడే ఉంటాడు. గట్టు మీంచి పంటుకి రెండు బల్లలు వేస్తారు. ఆ వెడల్పు చూస్తే నడిచి వెళ్లడానికే భయం వేసేది. మావయ్య కారు పూర్తిగా ఆపి, ఫస్ట్ గేరు వేసి, క్లచ్ మీద కాలు సగం పైకి లేపి, చక్రం చక్రంగా దింపేవాడు. పూర్తిగా ఆపడం ఎందుకో మీకు తెలియాలి. ఆ కాలం గేరుబాక్సుల్లో ఫస్ట్ గేరుకి సింక్రోమెష్, అంటే గేరు పడేముందు పళ్లచక్రాల వేగం కలిపే ఏర్పాటు, ఉండేది కాదు. కారు కదులుతుండగా వేస్తే గర్రుమని అరిచేది. రెండూ మూడూ నాలుగుకే సింక్రోమెష్. నడుస్తున్న కారుని మళ్లీ ఫస్టులోకి తేవాలంటే ఒకసారి క్లచ్ తొక్కి న్యూట్రల్ చేసి, వదిలి, కాస్త రేజ్ చేసి, మళ్లీ తొక్కి వేయాలి. డబుల్ క్లచ్ అంటారు. మీ సిలబస్‌లో బొమ్మ ఉండే ఉంటుంది. నేను మాత్రం మావయ్య మడమ చూసి నేర్చుకున్నాను.

కారు పంటు మధ్యకి వచ్చాక చక్రాలకి ముందూ వెనకా ఇటుకలు పెట్టాలి. ఆ ఉద్యోగం నాది. అవతలి ఒడ్డు చేరేదాకా వంగి ఆ ఇటుకల్ని చూస్తూ కూర్చునేవాణ్ణి. నా ఇటుకే లేకపోతే కారు గోదాట్లో పడిపోతుందని గట్టి నమ్మకం. హ్యాండ్ బ్రేకు అనేది ఒకటుందని చాలా కాలానికి గాని తెలియలేదు, తెలిశాక ఎంత చిన్నబుచ్చుకున్నానో!

ఊళ్లో ఇంకో కారు డాక్టరుగారిది, స్టాండర్డ్ హెరాల్డ్. మద్రాసు దగ్గర తయారయ్యేది. రెండు పక్కలా కొక్కేలు తీస్తే బానెట్టూ మడ్‌గార్డులూ హెడ్‌లైట్లూ అన్నీ కలిపి ఒకే ముక్కగా ముందుకి ఒరిగేవి. చక్రాలు, సస్పెన్షను, స్టీరింగు రాడ్లు, ఇంజను మొత్తం బయటపడేది. అలా తెరవగలిగారంటే కారణం ఉంది. హెరాల్డ్‌కి అడుగున విడిగా ఛాసిస్ ఫ్రేము ఉంది, బాడీ దాని మీద బోల్టులతో బిగించిన తొడుగు మాత్రమే. అంబాసిడర్‌కీ ఫియట్‌కీ అలా కుదరదు, వాటికి బాడీయే ఛాసిస్. ఆదివారం పొద్దున డాక్టరుగారు బానెట్ తెరిస్తే పిల్లలందరం చుట్టూ మూగేవాళ్లం. ఆయన కసురుకునేవారు కాదు. ఫ్యాన్ బెల్టు వేలితో నొక్కి చూపించి, "ఇది తెగితే ఏమవుతుందిరా?" అని అడిగేవారు. తలో జవాబూ చెప్పేవాళ్లం. తెగితే నీళ్లు మరుగుతాయి, డైనమో ఆగుతుంది, బ్యాటరీ దిగుతుంది అని ఆయన వరసగా చెప్పారు. ఒకదానికొకటి ముడిపడి ఉంటుందన్న సంగతి నా బుర్రకెక్కింది అక్కడే. ముంజలు తినేసిన తాటి బుర్రలతో బండి చేసుకునే వయసులో అంతకన్నా పెద్ద చదువు ఏముంటుంది?

తర్వాత బ్యాంకు ఉద్యోగం. కారు కొనాలంటే బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూసే రోజులు. ఉన్నవే రెండు మూడు రకాలు. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో అంబాసిడర్, బొంబాయి కుర్లాలో ప్రీమియర్ కంపెనీ చేసే ఫియట్, మద్రాసులో స్టాండర్డ్. అంబాసిడర్ మూలం ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్. 1950ల చివర మొదలై, పైపైన మెరుగులు దిద్దుకుంటూ 2014 దాకా వచ్చింది. ఇంత కాలం నడిచిందని గొప్పగా చెబుతారు. నాకైతే అది గొప్ప అనిపించదు. కొనేవాడికి ఇంకో దారి లేనప్పుడు అమ్మేవాడు మారడు.

1983 డిసెంబరు 14న ఢిల్లీలో ఇందిరాగాంధీ మొదటి మారుతి 800 తాళాలు ఇచ్చారు. 796 సీసీ, మూడు సిలిండర్లు. మెకానిక్కులు పెదవి విరిచారు. బ్యాంకులో కూర్చున్న నాకు మాత్రం వేరే మార్పు కనిపించింది. అప్పటిదాకా కారు లోను అడిగేవాడు డ్రైవరు జీతం కూడా లెక్కేసుకునేవాడు. మారుతి వచ్చాక "నేనే నడుపుకుంటానండీ" అనే గుమస్తాలు, టీచరమ్మలు రావడం మొదలైంది. స్టీరింగు తేలిక, క్లచ్ తేలిక, పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే స్టార్టు. మన దేశంలో ఇంటి మనిషి డ్రైవింగు సీట్లో కూర్చోవడం మొదలైంది ఆ చిన్న కారుతోనే అని నా అభిప్రాయం. ఈ విషయంలో పాతకార్ల మిత్రులు నాతో రోజూ గొడవపడతారు.

రిటైరయ్యాక వచ్చిన డబ్బులో కొంత పెట్టి 1973 నాటి ఫియట్ కొన్నాను. కాగితాల్లో ప్రీమియర్ ప్రెసిడెంట్ అని ఉంటుంది, పద్మిని అనే పేరు ఆ తర్వాత వచ్చింది. 1089 సీసీ, గేరు రాడ్డు స్టీరింగు పక్కన. మా ఆవిడ దాన్ని చూసి, "ఇది మనల్ని మోస్తుందా, మనం దీన్ని మోయాలా?" అంది. సగం సగం అన్నాను.

ఆదివారం పొద్దున నేను చేసే పని ఒకటి వివరంగా చెబుతాను. ప్లగ్గులకి వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు మూతకి రెండు క్లిప్పులుంటాయి. అవి విప్పి మూత తీస్తే రోటరు, దాన్ని పైకి లాగితే కింద పాయింట్లు. చిన్న లోహపు బిళ్లలు రెండు, ఒకదాన్నొకటి తాకుతూ విడిపోతూ ఉంటాయి. అవి విడిపోయిన క్షణంలోనే కాయిల్‌లో కరెంటు తెగి, ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పుడుతుంది. వాటి మధ్య సందు అర మిల్లీమీటరు కన్నా తక్కువ. వాడగా వాడగా ఒక బిళ్ల మీద గుంట, ఎదుటి బిళ్ల మీద బొడిపె వస్తాయి. ఎమెరీ కాగితంతో రెండూ చదును చేసి, ఇంజన్ని చేత్తో తిప్పి, పాయింట్లని విడదీసే క్యామ్ ఎత్తు మీదకి వచ్చినచోట ఆపి, సందు కొలిచే పల్చటి రేకు, ఫీలర్ గేజ్, దూర్చి స్క్రూ బిగించాలి. గేజ్ మరీ వదులుగా జారకూడదు, పట్టేయకూడదు. బ్లేడు కదిలీ కదలనట్టు వేళ్లకి తగలాలి. ఆ తగలడం ఎలా ఉంటుందో మాటల్లో చెప్పమంటే నావల్ల కాదు.

తర్వాత ప్లగ్గులు విప్పుతాను. పింగాణీ బిస్కట్ రంగులో ఉంటే ఇంజను సుఖంగా ఉంది. నల్లటి పొడి మసి పట్టిందంటే పెట్రోలు ఎక్కువ తాగుతోంది. తెల్లగా పాలిపోయిందంటే గాలి ఎక్కువై వేడెక్కుతోంది. నూనె జిడ్డుగా తడిసి ఉంటే మాత్రం టెన్షన్, రింగుల్లోంచో వాల్వ్ గైడ్లలోంచో ఆయిలు పైకి వస్తోంది, జేబుకి చిల్లే. నాలుగు ప్లగ్గులు చూస్తే నాలుగు సిలిండర్ల జాతకం తెలిసిపోతుంది. ఏ కంప్యూటరూ అక్కర్లేదు.

విడిభాగాలకి విజయవాడ ఆటోనగర్ వెళ్తాను. మీరెవరైనా వెళ్లకపోతే మీ డిగ్రీ పూర్తయ్యేలోపు ఒక్కసారి వెళ్లండి, కార్ల కోసం కాకపోయినా మనుషుల కోసం. దొరకని బుష్ పట్టుకెళ్లి చూపిస్తే, లేత్ మీద ఉన్నాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, ఏ లోహమో చెప్పి, టీ తాగి వచ్చేసరికి కొత్తది తీసి చేతిలో పెడతాడు. ఆయన దగ్గర డ్రాయింగు లేదు. టాలరెన్సు, అంటే కొలతలో ఎంత తేడా ఉండొచ్చన్న లెక్క, ఆ మాటా వాడడు. "కొంచెం టైటు పెట్టానండీ, నడిస్తే సర్దుకుంటుంది" అంటాడు. సర్దుకుంటుంది కూడా.

ఇక మీరు ఒప్పుకోకపోయినా నేను చెప్పే మాటలు కొన్ని.

పాత కారు ఇనప ముద్ద, గుద్దినా ఏం కాదు అంటారు. తప్పు. కారు నలగకపోతే ఆ దెబ్బంతా లోపలి మనిషే తినాలి. ముందు భాగం తనే నలిగి దెబ్బని మింగాలి, మనిషి కూర్చునే భాగం నలగకూడదు, దానికే క్రంపుల్ జోను. నా ఫియట్‌లో కంపెనీ ఇచ్చిన సీటు బెల్టు లేదు, ఎయిర్‌బ్యాగు మాట ఎత్తనక్కర్లేదు. అందుకే మనవల్ని అందులో హైవే మీదకి తీసుకెళ్లను. మన దేశంలో డ్రైవరుకి ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయింది 2019లో. అంత ఆలస్యమయినందుకు కంపెనీలతో పాటు మనల్నీ అనుకోవాలి. షోరూంలో మ్యూజిక్ సిస్టం గురించి అడిగినంతగా బెల్టు గురించి ఎవరడిగారు?

కొత్త కార్లలో టచ్ స్క్రీను నాకు బొత్తిగా గిట్టదు. ఏసీ తగ్గించాలన్నా రోడ్డు మీంచి చూపు తిప్పాలి. బొత్తాం అయితే చెయ్యే వెతుక్కుంటుంది. ఇది ముసలివాడి చాదస్తం అనుకోకండి. కార్ల భద్రతకి మార్కులు వేసే యూరో ఎన్‌క్యాప్ వాళ్లు 2026 నుంచి హారను, ఇండికేటర్లు, వైపర్ల వంటి వాటికి విడిగా మీటలు లేకపోతే మార్కులు తగ్గిస్తామన్నారు.

ఎలక్ట్రిక్ కార్లకి నేను వ్యతిరేకిని కాను. కదిలే భాగాలు తక్కువ, ఊళ్లో తిరగడానికి హాయి. 2001లోనే బెంగళూరు నుంచి రేవా వచ్చింది, మనమే దాన్ని చూసి నవ్వాం. నా పేచీ అంతా వేరే. బండి కొన్నవాడికి దాన్ని విప్పే హక్కు ఉండాలి. చిన్న సెన్సరు పోతే అసెంబ్లీ మొత్తం మార్చాలంటారు. ఎర్రర్ కోడ్ చదవాలంటే వాళ్ల మెషీనే కావాలంటారు. 2022 చివర్లో కేంద్ర ప్రభుత్వం రిపేరు హక్కు కోసం ఒక పోర్టల్ పెట్టింది, అందులో ఆటోమొబైల్ రంగమూ ఉంది. మంచిదే. రేపు డిజైను చేసేది మీరు. ఆటోనగర్ కుర్రాడు స్పానరుతో విప్పగలిగేలా ఒక్క భాగమైనా గీయండి, మీకు దణ్ణం పెడతాను.

నంబరు ప్లేటు గురించి కూడా ఒక చిన్న ఏడుపు ఉంది. ఏపీ 16 అంటే కృష్ణా, 5 అంటే తూర్పు గోదావరి, 37 అంటే పశ్చిమ అని రోడ్డు మీద పిల్లలతో ఆట ఆడేవాణ్ణి. 2019లో జిల్లా నంబర్లు తీసేసి రాష్ట్రమంతటికీ 39 పెట్టారు. ఆఫీసులకి సౌకర్యమేమో గాని, మా ఆట పోయింది.

చివరగా, పాత కారు కొందామనే సరదా మీలో ఎవరికైనా ఉంటే పెయింటు చూసి మోసపోకండి. ముందు ఆర్‌సీలో ఉన్న ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు కారు మీద ఉన్నవాటితో కలుస్తున్నాయో లేదో చూడండి. తర్వాత మ్యాట్లు ఎత్తి ఫ్లోరు వేలితో పొడిచి చూడండి. బాడీయే ఛాసిస్ అని చెప్పాను కదా, ఫ్లోరు తుప్పు పట్టిందంటే వెన్నెముక పోయినట్టే. ఇంజను ఎవరైనా బాగు చేస్తారు. ఇక యాభై ఏళ్లు నిండి, పెద్దగా మార్చని బండికి 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. నంబరులో వీఏ అని వస్తుంది, ఫీజు ఇరవై వేలు, పదేళ్లు చెల్లుతుంది. కానీ ఆ నంబరుతో రోజూ రోడ్డు మీద తిరగకూడదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ పెట్రోలుకీ రిపేరుకీ మాత్రమే. కారు ఉన్నది నడపడానికి అనుకునే నాలాంటివాడికి అది పనికిరాదు, మామూలు రిజిస్ట్రేషనే రెన్యూ చేయించుకుంటున్నాను.

ఫియట్ కింద గ్రౌండులో ఉంది. మీ హెచ్‌ఓడీ గారి అనుమతి తీసుకున్నాను, బానెట్ తెరిచి పెడతాను, పాయింట్లు మీచేతే పెట్టిస్తాను. తెల్ల చొక్కాల వాళ్లు కాస్త వెనక నిలబడండి. ముందు ఇక్కడ అడగాల్సినవి ఉంటే అడగండి.