టేకాఫ్ వేళ నావిగేషన్ తప్పులు: గీతను నమ్మే ముందు

అందరికీ నమస్కారం.

విమానానికి దారి చూపే కంప్యూటర్ ఎఫ్‌ఎంఎస్. మనం టైపు చేసిన దారిని అది తెర మీద గీతగా చూపిస్తుంది. బోయింగ్‌లో మెజెంటా రంగు, ఎయిర్‌బస్‌లో ఆకుపచ్చ. చిక్కేమిటంటే, తప్పు టైపు చేసినా గీత అంతే తీరుగా వస్తుంది. గీతను చూసి దారిని నమ్మకూడదు. ముందు చార్టుతో, అంటే ఆ దారి అధికారిక పటంతో, సరిచూసి, ఆ తర్వాతే గీతను నమ్మాలి.

2015 మార్చి 10న సిడ్నీ నుంచి కౌలాలంపూర్ బయల్దేరిన ఎ330 సంగతి చూడండి. గేటు దగ్గర విమానం ఉన్న చోటును ఎక్కిస్తూ తూర్పు రేఖాంశం 15109.8 అని కొట్టాల్సింది 01519.8 అని పడింది. అంటే 151 డిగ్రీల చోట 15 డిగ్రీలు. 11,000 కిలోమీటర్లకు పైగా తేడా. కంప్యూటర్ లెక్కలో విమానం కేప్‌టౌన్‌కు పడమటి సముద్రంలో ఉంది! గాలిలోకి లేచి ఆటోపైలట్ వేయగానే విమానం ఎడమకు, పక్కనున్న సమాంతర రన్‌వే దారి వైపు తిరిగింది. సరిచేయబోతే మరికొన్ని వ్యవస్థలు దెబ్బతిన్నాయి. చివరికి మెల్‌బోర్న్‌లో దిగారు. స్థానాన్ని ఒకరు కొట్టాక రెండోవారు ఆ తెరనే చూసి తల ఊపితే అది తనిఖీ కాదు. చార్టులోని గేటు అంకెలతోనో, జీపీఎస్ స్థానంతోనో పోల్చాలి.

అంత పెద్ద తప్పుకు కనీసం హెచ్చరికలైనా వస్తాయి. నన్ను ఎక్కువ కలవరపెట్టేవి చిన్నవి, నిజమేననిపించేవి. అవి ఎక్కువగా పుట్టేది ట్యాక్సీలో, అంటే విమానం నేల మీద రన్‌వే వైపు నడుస్తుండగా, రన్‌వే మారినప్పుడు. రన్‌వే మార్చగానే సిడ్, అంటే బయల్దేరే దారి, మళ్లీ ఎంచుకోవాలి. ఒకే పేరున్న సిడ్‌కు కూడా రన్‌వేను బట్టి మొదటి వేపాయింట్ (దారిలోని గుర్తు స్థానం) మారిపోవచ్చు. మధ్యలో ఒక వేపాయింట్ రాలిపోవచ్చు, ఎత్తు పరిమితి చెరిగిపోవచ్చు, లేదా దారి తెగి డిస్‌కంటిన్యుయిటీ మిగలవచ్చు. అలా తెగిన చోట విమానం అప్పుడున్న దిశలోనే సాగిపోతుంది, తిరగాల్సిన మలుపు తిరగదు.

అందుకే మార్పు తర్వాత ఆగి, బ్రేకు వేసి చూడటం మేలు. ఒకరు చార్టు చదవాలి, మరొకరు కంప్యూటర్ పేజీ చదవాలి: వేపాయింట్ పేరు, ట్రాక్ (విమానం సాగాల్సిన దిశ), దూరం, మలుపు ఎటు, ఎత్తు ఎంత. ట్రాక్‌లో ఒకటి రెండు డిగ్రీల తేడా ఉంటే ఫరవాలేదు. ఇరవై ఉంటే వేరే దారి ఎక్కించినట్టే. అప్పుడు తెరను ప్లాన్ మోడ్‌లో పెట్టి, గీతను ఒక్కో వేపాయింట్‌కూ జరిపి చూడండి. టేకాఫ్ వేగాలు కూడా మళ్లీ వేయాల్సి రావచ్చు, అది మరవద్దు. వెనక వరస కట్టిన విమానాల కోసం ఈ రెండు నిమిషాలు వదులుకోనక్కర్లేదు. సిద్ధంగా లేమని ఎటిసికి (విమానాల రాకపోకలను నియంత్రించే కేంద్రానికి) చెప్తే చాలు.

తప్పు గాలిలోకి లేచాక బయటపడితే? 240 నాట్ల వేగంలో నిమిషానికి నాలుగు నాటికల్ మైళ్లు పోతాం. 30 డిగ్రీలు తప్పు దిక్కుకు తిరిగితే అర నిమిషంలో ఒక మైలు పక్కకు పోయినట్టు. ఆర్‌నావ్-1 సిడ్‌లో, అంటే కంప్యూటర్ లెక్కించే స్థానంతో నడిచే బయల్దేరే దారిలో, ఉండాల్సిన కచ్చితత్వమే ఒక మైలు. కాబట్టి ఇద్దరూ తల వంచి కీబోర్డు మీద పడకూడదు.

నడిపే పైలట్ వెంటనే కంప్యూటర్ దారిని వదిలి, తాను పెట్టిన దిశలో విమానం సాగే హెడింగ్ మోడ్‌కు మారాలి. తిప్పే ముందు దిశ పెట్టే నాబ్‌లో ఏ హెడింగ్ ఉందో చూసుకోవాలి. పాత అంకె ఉంటే రెండో తప్పు తోడవుతుంది. నొక్కిన బటన్‌ను నమ్మకుండా, ఏ మోడ్ పట్టిందో ఎఫ్‌ఎంఏ (నడుస్తున్న మోడ్‌ను చూపే తెర పట్టీ) మీద చదివి పైకి చెప్పాలి. ఎక్కుతూనే ఉండాలి. చార్టులోని కనీస సెక్టార్ ఎత్తు 25 మైళ్లలోని అడ్డంకుల పైన 1,000 అడుగుల ఖాళీ ఇస్తుంది. అది దాటేదాకా కొండల లెక్క వదలకూడదు. ఇంతలో గమనించే పైలట్ ఎటిసికి ‘అన్‌ఏబుల్ ఆర్‌నావ్, రిక్వెస్ట్ హెడింగ్’ (ఆర్‌నావ్ దారిలో పోలేం, దిశ ఇవ్వండి) అని చెప్పాలి. కంట్రోలర్‌కు కారణాలు తర్వాత చెప్పుకోవచ్చు. ముందు మీరు గీత మీద లేరని ఆయనకు తెలియాలి, పక్క విమానాలను తప్పించగలిగేది ఆయనే.

వెక్టర్, అంటే ఎటిసి ఇచ్చే దిశ, చేతికొచ్చాకే దారి సరిచేయండి. తొందరలో డైరెక్ట్-టు (నేరుగా ఒక వేపాయింట్‌కు పొమ్మనే ఆదేశం) కొట్టేస్తే సిడ్‌లో ముందున్న మలుపులు, వాటి ఎత్తు పరిమితులు ఎగిరిపోతాయి. కొత్త దారి తాత్కాలికంగా, బోయింగ్‌లో తెల్ల గీతలుగా, ఎయిర్‌బస్‌లో పసుపు గీతలుగా కనబడుతున్నప్పుడే నడిపే పైలట్ చూసి ‘సరే’ అనాలి. ఆ మాట వినబడ్డాకే ఎగ్జిక్యూట్ లేదా ఇన్‌సర్ట్ నొక్కాలి.