పొద్దున్నే పొలం గట్టున అరిచే కౌజు పిట్ట

[దృశ్యం: తెల్లవారి వెలుగులో రేగు పొదలు, ఎర్ర నేల. పిట్ట అరుపు వినిపిస్తుంది, పిట్ట మాత్రం కనిపించదు.]

విన్నారా? "క-తీ-తర్, క-తీ-తర్..." అనంతపురం మెట్ట పొలాల్లోనో, మహబూబ్‌నగర్ బీళ్లలోనో పొద్దున్నే నడిచేవాళ్లకి ఈ గొంతు బాగా తెలుసు. ఇది కౌజు పిట్ట. కొన్నిచోట్ల కముజు అంటారు.

ముందే ఒక విషయం చెప్పేస్తాను. హోటళ్లలో కౌజు వేపుడు అని వడ్డించేది దాదాపు ఎప్పుడూ ఫారాల్లో పెంచిన జపాన్ క్వెయిలే. అది అరచేతిలో ఇమిడేంత చిన్నది. మన పొలాల కౌజు 30 సెంటీమీటర్ల పొడవుంటుంది, బరువు పావుకిలో దాటుతుంది.

[దృశ్యం: దగ్గరి షాట్. గొంతు, తర్వాత కాళ్లు.]

గుర్తుపట్టాలంటే గొంతు చూడండి. లేత పసుపు గొంతు, దాని చుట్టూ సన్నటి నల్ల గీత. ఒళ్లంతా బూడిద, గోధుమ రంగుల్లో సన్నసన్నటి అడ్డచారలు. ఎండుగడ్డిలో కదలకుండా కూర్చుంటే పక్కనుంచి వెళ్లినా కనబడదు. ఆడా మగా చూడ్డానికి ఒకేలా ఉంటాయి. తేడా కాళ్లలో ఉంది: మగదానికి కాలి వెనక పదునైన ముల్లు ఉంటుంది, కొన్నిటికి రెండేసి కూడా. పెట్టకి మామూలుగా ఉండదు.

[దృశ్యం: జంట పిట్టలు బాట దాటి పరుగెత్తడం.]

దీనికి రెక్కలున్నాయి గానీ నమ్మకమంతా కాళ్ల మీదే. మనిషి అలికిడైతే మెడ చాచి పొదల్లోకి పరుగు తీస్తుంది. మరీ దగ్గరికి వెళితేనే 'బుర్రు'మని లేస్తుంది. గుండె ఝల్లుమంటుంది! అప్పుడు తోక అంచుల్లో ఇటుక రంగు కనిపిస్తుంది. కొద్ది దూరం ఎగిరి మళ్లీ నేలకే దిగుతుంది.

తిండికి పెద్ద పట్టింపుల్లేవు. గడ్డి గింజలు, రాలిన ధాన్యం, చెదలు, పురుగులు, అన్నీ కాళ్లతో గీరి ఏరుకుంటుంది. రాత్రికి మాత్రం నేల మీద ఉండదు, తక్కువ ఎత్తు ముళ్ల చెట్లలో గుంపుగా కునుకు తీస్తుంది.

గూడు అంటే పొద కింద చిన్న గుంట, అంతే. ఎక్కువగా ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా గుడ్లు పెడుతుంది, మామూలుగా ఆరు నుంచి ఎనిమిది. పొదగడానికి సుమారు 18, 19 రోజులు. పిల్లలు పుట్టగానే తల్లి వెంట నడుస్తాయి.

[దృశ్యం: ముళ్ల పొదలున్న బీడు; పక్కనే చదును చేసిన నేల.]

ఇదంతా జరగడానికి కావాల్సింది దట్టమైన అడవి కాదు. తుమ్మలు, రేగు పొదలు, మధ్యలో కాస్త ఖాళీ నేల, పక్కన జొన్న చేను. రికార్డుల్లో మనం బంజరు అని రాసుకున్న నేలన్నమాట. దాన్ని శుభ్రం చేశామని మురిసిపోతాం. గట్టు మీది పొద కొట్టేస్తే కౌజుకి గూడూ పోయింది, రాత్రి కునుకూ పోయింది. ప్రపంచం మొత్తం లెక్కలో ఈ జాతికి ఇప్పటికి ముప్పు లేదు, నిజమే. అయినా పొద లేని ఊళ్లో దీని అరుపు వినబడదు.

[దృశ్యం: ఖాళీ పంజరం, ఉచ్చులు.]

దీని గొంతే దీనికి శత్రువు కూడా. వేటగాళ్లు పెంపుడు కౌజుని, అంటే దీమం పిట్టని, పంజరంలో పెట్టి అరిపిస్తారు. తన జాగాలో ఇంకొకటి అరిస్తే మగ కౌజు ఊరుకోదు, పోట్లాటకి దూసుకొచ్చి చుట్టూ పన్నిన ఉచ్చుల్లో ఇరుక్కుంటుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దీన్ని పట్టడం, చంపడం నేరం. సంతలో ఎవరైనా గొంతు చుట్టూ నల్ల గీత ఉన్న పిట్టని అమ్మజూపితే కొనకండి, అటవీ శాఖకి ఫోన్ చేయండి.