గొంతు పోయాక బాబ్ డిలన్ ఏం చేశాడు?

[విశాఖ సిరిపురం జంక్షన్, సాయంత్రం. బండ్ల హారన్లు. హోస్ట్ నడుస్తూ కెమెరాలోకి చూసి మాట్లాడతాడు.]

ఈ చుట్టుపక్కల కాఫీ షాపుల్లో "మేక్ యూ ఫీల్ మై లవ్" ఎప్పుడో ఒకప్పుడు వినే ఉంటారు. ఇంగ్లండ్ గాయని అడెల్ గొంతు. పెళ్లి రీల్స్ కింద కూడా అదే మోగుతుంటుంది. ఆవిడే రాసుకున్న పాట అనుకునేవాళ్లు బోలెడుమంది. కాదండీ. అది 1997 నాటి పాట. రాసినాయన అది రికార్డు చేసేనాటికి వయసు 55. పేరు బాబ్ డిలన్, అమెరికా గాయకుడు.

డిలన్ అనగానే అరవైల నాటి కుర్రాడే గుర్తొస్తాడు. చేతిలో గిటారు, మెడకి తగిలించుకున్న మౌత్ ఆర్గాన్, జుట్టంతా రేగిపోయి. ఆ కథ మీద 2024లో సినిమా కూడా వచ్చింది, టిమతీ షాలమే వేశాడు. అది 1965 దగ్గర ఆగిపోతుంది. మనం చెప్పుకునేది ఆ తర్వాత చాలా ఏళ్లకి జరిగింది.

[పాత ఆల్బమ్ కవర్లు ఒక్కొక్కటిగా. వెనక మా వాడు వాయించిన గిటారే. అసలు పాట వేస్తే కాపీరైట్ స్ట్రైక్ పడుద్ది.]

ఎనభైల చివరికొచ్చేసరికి ఆయన పనైపోయిందనే అన్నారు. 1986లో, 88లో వచ్చిన ఆల్బమ్‌లని అభిమానులు కూడా వెనకేసుకు రారు. నేనూ రాను. 1988 జూన్‌లో కాలిఫోర్నియాలోని కాంకర్డ్‌లో ఒక కచేరీ చేశాడు. అక్కణ్ణుంచి ఊళ్లు తిరగడం మొదలైంది, ఇక ఆగలేదు. జనం దానికి "నెవర్ ఎండింగ్ టూర్" అని పేరు పెట్టేశారు. 2020లో కరోనా వచ్చి బ్రేక్ వేసేసరికి కచేరీల లెక్క 3,000 దాటింది.

తిరుగుతున్నాడు సరే, కొత్త పాటలేవి? 1990 తర్వాత సొంత పాటలతో ఆల్బమ్ రావడానికి ఏడేళ్లు పట్టింది. మధ్యలో, 1992లో ఒకటీ 93లో ఒకటీ, పాత జానపదాలు, బ్లూస్ పాడి రెండు ఆల్బమ్‌లు తెచ్చాడు. బ్యాండ్ లేదు, హంగూ లేదు. ఒక గిటారు, ఒక మనిషి. పెద్దగా అమ్ముడుపోలేదు. అసలు మలుపు ఇక్కడే అని నా లెక్క. రాయడానికి ఏమీ లేనప్పుడు, తన కంటే ముందు పాడినవాళ్ల దగ్గరికి వెళ్లి మళ్లీ కూర్చున్నాడు.

1997 జనవరిలో మయామీలో స్టూడియోకెళ్లి "టైమ్ అవుట్ ఆఫ్ మైండ్" రికార్డు చేశాడు. అందులో "నాట్ డార్క్ యెట్" అని ఒక పాట. చీకటి పడబోతోంది, ఇంకా పూర్తిగా పడలేదు అంటాడు. మేలో ఆయన్ని హాస్పిటల్లో పడేశారు. హిస్టోప్లాస్మోసిస్ అనే ఫంగల్ ఇన్ఫెక్షన్, గుండె చుట్టూ ఉండే పొరకి వాపు. సెప్టెంబరులో ఆల్బమ్ బయటికొచ్చాక అందరూ ఒకటే మాట: చావు అంచుదాకా వెళ్లొచ్చి రాశాడని. తేదీలు చూడండి. పాటలు ముందు, జబ్బు తర్వాత. ఆ మరుసటి ఏడాది గ్రామీల్లో ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ దానికే ఇచ్చారు.

[కళాభారతి ఆడిటోరియం ముందు. కెమెరా పేరు బోర్డు మీద నుంచి కిందికి దిగుతుంది.]

ఇప్పుడు అసలు గొడవకి వద్దాం. డిలన్ గురించి ఎక్కడ మాట్లాడినా ఎవరో ఒకరు అనే మాట: "ఏటి గురూ, గొంతు పోయిందిగా, ఇంకేం పాడతాడు?" పోయింది, కాదన్నదెవరు? కుర్రతనంలో కూడా అదేం తేనెలూరే గొంతు కాదు, ముక్కుతో పాడేవాడు. తర్వాత గరగర వచ్చి చేరింది. ఇంకో ఫిర్యాదు కూడా ఉంది: డబ్బులు పోసి వెళ్తే, తెలిసిన పాటని కూడా సగం అయ్యేదాకా పోల్చుకోలేం అని. అది నిజమే. బాణీ మారుస్తాడు, నడక మారుస్తాడు, ఒక్కోసారి చరణాలే మార్చేస్తాడు. "టాంగిల్డ్ అప్ ఇన్ బ్లూ" 1975 రికార్డులో వినండి. తర్వాత 1984 లైవ్ ఆల్బమ్ "రియల్ లైవ్"లో అదే పాట పెట్టండి. మాటలు చాలావరకు తిరగరాసేశాడు.

మనకి ఆర్కెస్ట్రా అలవాటు. రికార్డులో ఉన్నది ఉన్నట్టు దించాలి, ఫ్లూటు బిట్టు తప్పిందంటే వెనక కుర్చీలోంచి ఒకడు లేస్తాడు. కానీ ఇదిగో, ఈ హాల్లో కచేరీలకొచ్చే పెద్దవాళ్లని అడగండి. అదే త్యాగరాజ కీర్తన ఎన్నేళ్లుగా వింటున్నారో. విద్వాంసుడు ఒక్క పంక్తి పట్టుకుని పావుగంట రకరకాలుగా తిప్పుతూ నెరవల్ చేసినా "రికార్డులో ఇలా లేదే" అని ఒక్కరూ అనరు. ఈ రోజు ఎలా పాడతాడో విందామనే వస్తారు. డిలన్‌ని కూడా ఆ చెవితో వినాలి. రికార్డు చేసిన రోజుతో పాట పూర్తయిందని ఆయన అనుకోడు. గొంతు కిందికి దిగేకొద్దీ దానికి తగ్గ నడక వెతుక్కున్నాడు. 2015 నుంచి 2017 దాకా ఫ్రాంక్ సినాట్రా తరం పాత పాటలు 52 పాడి, మూడు ఆల్బమ్‌లుగా తెచ్చాడు. ఒక్కో మాటా ఎంత నిదానంగా దింపుతాడో అందులో తెలుస్తుంది. కొన్ని నాకు నిద్ర తెప్పించాయి, అది వేరే సంగతి.

2016 అక్టోబరులో సాహిత్య నోబెల్. పాటలు రాసేవాడికి నోబెల్ ఏంటని గోల. 1913లో తీసుకున్న టాగోర్ రెండు వేల పాటలకి పైగా రాసి బాణీలు కట్టినవాడే కదా! డిలన్ రెండు వారాలు ఉలకలేదు, పలకలేదు. డిసెంబరు 10 వేడుకకీ వెళ్లలేదు.

[స్టాక్‌హోమ్ కచేరీ హాలు ఫొటో. శబ్దం వద్దు.]

ఆయన పాట పాడటానికి పాటీ స్మిత్ వెళ్లింది. తనూ రాక్ గాయనే, 70కి దగ్గర పడింది. వెనక ఆర్కెస్ట్రా, ఎదురుగా స్వీడన్ రాజకుటుంబం. "ఎ హార్డ్ రెయిన్స్ ఎ గోనా ఫాల్" అందుకుని రెండో చరణంలో మాట మర్చిపోయి ఆగిపోయింది. క్షమించండి, బాగా కంగారుగా ఉంది, మళ్లీ మొదలుపెడదామా అని అడిగింది. చప్పట్లు కొట్టారు. మళ్లీ పాడింది. డిలన్ మాత్రం 2017 ఏప్రిల్లో కచేరీ పని మీద స్టాక్‌హోమ్ వెళ్లినప్పుడు, మీడియాని రానివ్వకుండా పతకం తీసుకున్నాడు.

2020 మార్చి 27. మన దగ్గర లాక్‌డౌన్ మొదలై మూడో రోజు, ఆర్కే బీచ్‌లో పురుగు లేదు. ఆ రోజు "మర్డర్ మోస్ట్ ఫౌల్" విడుదల చేశాడు. దాదాపు 17 నిమిషాలు. 1963 నాటి అమెరికా అధ్యక్షుడు కెనడీ హత్యతో మొదలై, సగం దాటాక రేడియోవాణ్ణి ఆ పాట వెయ్యి, ఈ పాట వెయ్యి అని అడుగుతూ పోతుంది. చాలాచోట్ల పాడటం కూడా కాదు, చెప్పడమే. అమెరికాలో పాటలకి ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ చార్టుల్లో డిలన్ సొంత గొంతుతో నంబర్ వన్ అయిన మొదటి పాట అదే, రాక్ డౌన్‌లోడ్ల జాబితాలో. అప్పటికి 78 ఏళ్లు. కుర్రాడిగా ఉన్నప్పుడు ఈ పాట ఆయనే పాడినా పండేది కాదు.

అదే ఏడాది చివర్లో 600కి పైగా పాటల హక్కులు యూనివర్సల్ అనే మ్యూజిక్ కంపెనీకి అమ్మేశాడు. 2022లో అమెరికాలోని టల్సాలో ఆయన కాగితాలతో ఒక మ్యూజియం తెరిచారు. ఆయన మాత్రం 80 దాటాక కూడా పియానో ముందు కూర్చుని, ప్రేక్షకుల ఫోన్లు సంచుల్లో పెట్టించి తాళం వేయించి, పాత హిట్లు పక్కనపెట్టి ఎక్కువగా కొత్త ఆల్బమ్ పాటలే పాడుతూ తిరిగాడు.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటారా? "నాట్ డార్క్ యెట్" పెట్టండి. నచ్చితే ఆ ఆల్బమ్ మొత్తం వినండి, ఆ తర్వాత 2020 నాటి "రఫ్ అండ్ రౌడీ వేస్". ఫోన్ స్పీకర్లో మాత్రం వద్దు. బేస్ పోతే గరగర ఒక్కటే మిగుల్తుంది, మళ్లీ నన్ను తిడతారు.