ఎలుగుబంటి లోపల పులి

[అటక మీద రేకు పెట్టె. మూత తెరవగానే అంచు నుంచి పసుపురంగు పొడి రాలుతుంది.]

నమస్తే అండి. ఈ పెట్టె నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో మా పెదనాన్న ఇంటి అటక మీద ముప్పై ఏళ్లకు పైగా ఉంది. ఇందులో ఉన్నది జాంబవంతుడు. దూరదర్శన్‌లో రామాయణం 1988 జులైలో అయిపోయింది. ఆ మరుసటి ఏడు మద్రాసులో తీసిన ఒక పిల్లల సీరియల్లో పెదనాన్న ఈ ఎలుగుబంటి వేషం కట్టాడు. టీవీలో ఆయన ముఖం ఒక్కసారి కూడా కనపడలేదు. మా వీధిలో మాత్రం ఈరోజుకీ ఆయన ఎలుగుబంటి మామే.

దీన్ని బాగుచేసి, నిలబెట్టి, నలుగురికీ చూపించాలని ఆరు నెలల కింద మొదలుపెట్టాను.

[దగ్గరగా: అరచేతిలో పసుపురంగు పొడి.]

ఈ పొడి ఎలుగుబంటి పొట్ట. పొట్ట గుండ్రంగా రావాలని బొచ్చుగుడ్డ లోపల స్పాంజి పెట్టి కుట్టారు. ఈ స్పాంజి పాలీయురేథేన్‌తో చేసింది. అందులో ఒక రకాన్ని గాల్లో తేమ పాడుచేస్తుంది, ఇంకో రకాన్ని వెలుతురూ ఆక్సిజనూ పాడుచేస్తాయి. చివరికి రెండూ ఇట్లా పిండి అవుతాయి. మైపాడు సముద్రం ఇక్కడికి పాతిక కిలోమీటర్లు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, వాయుగుండాలు. మే నెలలో ఆ అటక మీద రేకు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. పెట్టె అక్కడ పెట్టినప్పుడు ఇవేవీ ఎవరికీ తెలియవు.

మాస్కు, గ్లవ్స్ లేకుండా ఈ పొడి జోలికి వెళ్లొద్దు. వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టానికి దోమతెర గుడ్డ కట్టి, స్పీడు బాగా తగ్గించి, బొచ్చుకు తగలకుండా కొంచెం ఎత్తులో పట్టుకుని లాగాము. గుప్పెడు పొడి మాత్రం గాజు సీసాలో దాచాను. అసలు ఏం వాడారో రేపు ఎవరైనా పరీక్ష చేసి చూడాలంటే అదే ఆధారం.

[ఐస్‌క్రీం షాపుల్లో ఉండే పెద్ద ఫ్రీజర్.]

కాళ్లలో కొబ్బరి పీచు కూరారు. అక్కడ పురుగు పట్టింది. కలరా ఉండలు వేయొద్దు. ఆ ఆవిరికి కొన్ని ప్లాస్టిక్‌లు మెత్తబడతాయి. కాళ్లను పాలిథిన్ కవర్లో గాలి చొరకుండా కట్టి, మైనస్ 18 డిగ్రీల్లో రెండు వారాలు ఉంచాము. బయటికి తీశాక కూడా ఒక రోజంతా కవరు విప్పలేదు. విప్పితే చల్లటి గుడ్డ మీద నీళ్లు పడతాయి. కవరు ఉంటే ఆ చెమ్మ కవరు మీదే పడుతుంది.

[ఎలుగుబంటి ముఖం. గడ్డం దగ్గర ఉబ్బు, పెదవి దగ్గర పగుళ్లు.]

నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది ఈ ముఖం. ఇది రబ్బరు పాలతో చేసింది. సొరుగులో మర్చిపోయిన రబ్బరు బ్యాండు కొన్నాళ్లకు జిగటవుతుంది, తర్వాత లాగితే పుటుక్కున తెగుతుంది. ఇక్కడా జరిగింది అదే. ఆక్సిజన్ మెల్లగా రబ్బరును తినేస్తుంది. ఎండా వేడీ దాన్ని తొందరపెడతాయి. గాల్లోని ఓజోన్ వల్ల సాగి ఉన్న చోటే పగుళ్లు వస్తాయి. అందుకే పెదవి చీలింది. పెట్టెలో ముఖం మడతపడి, అక్కడ రబ్బరు ముప్పై ఏళ్లు సాగే ఉంది.

గడ్డం ఉబ్బింది కొబ్బరినూనె వల్ల. మెత్తగా ఉంటుందని మా ఇంట్లోవాళ్లు ప్రేమగా రాశారు. సహజ రబ్బరు నూనెను పీల్చుకుని ఉబ్బిపోతుంది, బలం పోతుంది. మీ ఇంట్లో పాత రబ్బరు ముఖాలు ఉంటే దయచేసి ఏ నూనే రాయకండి.

ఇంకో సంగతి. మెడ వెనక ఇత్తడి జిప్పు ఉంది. అది ఆనిన చోటల్లా రబ్బరు నల్లబడి పెంకులా అయింది. ఇత్తడిలో రాగి ఉంటుంది, రాగి తగిలితే రబ్బరు ఇంకా తొందరగా చెడుతుంది. జిప్పు పీకేయలేదు. అది ఆనాటి జిప్పు. మధ్యలో ఆమ్లం లేని పల్చటి కాగితం పెట్టాను.

[కుడి చెయ్యి కుట్టు విప్పుతున్న వేళ్లు. నల్ల బొచ్చు కింద పసుపు గుడ్డ, నల్ల చారలు.]

ఇది చూడండి. చేతి కుట్టు ఊడిపోతుంటే సరిచేద్దామని విప్పాను. నల్ల బొచ్చు కింద పులి చారలు! ఎలుగుబంటి కాకముందు ఇది పులి వేషం. పెదనాన్నను పిలిచి చూపిస్తే ఆయన చాలాసేపు ఆ గుడ్డను నిమురుతూ కూర్చున్నాడు. "పులి నాకంటే ముందు ఇంకొకాయన కట్టినాడబ్బయా. దాన్ని మూసెయ్యబాక" అన్నాడు.

టీవీ వేషాలకు ఇది కొత్త కాదు. జపాన్‌లో 1966లో మొదలైన అల్ట్రామన్ సీరియల్లో ఒక మృగానికి కొత్త వేషం చేయలేదు. సినిమాల్లో వాడిన గాడ్జిల్లా వేషానికే మెడ చుట్టూ విసనకర్రలాంటి పట్టీ తగిలించారు. వారం వారం ఎపిసోడ్ రావాలి, డబ్బులు తక్కువ. ఉన్నదాన్నే మార్చి కుట్టుకుంటారు.

నేను మొదట దీన్ని కొత్తదానిలా మెరిపించాలనుకున్నాను. ఆ కుట్టు విప్పిన రోజు మనసు మార్చుకున్నాను. టీవీ చూసినవాళ్లకు పైబొచ్చు తెలుసు. లోపలిది కట్టిన మనిషికీ, కుట్టిన దర్జీకీ మాత్రమే తెలుసు. చంకల్లో చెమట మరకలు, సుద్దముక్కతో వేసిన కొలతలు, మూడు రంగుల దారాలు... వీటిని ఉతికేస్తే మిగిలేది బొచ్చుగుడ్డ.

[వేషం నిలబెట్టిన గది. వెనక నుంచి వెలుతురు లేకుండా.]

అందుకే దీన్ని గోడకు ఆనించలేదు. గది మధ్యలో, చుట్టూ తిరిగి చూసేట్టు పెట్టాను. వెనక జిప్పు తెరిచే ఉంటుంది, కుడి చేతి కుట్టు జానెడు మేర విప్పే ఉంటుంది. వేషం బరువు 8 కేజీలు. మెడకు వేలాడదీస్తే రబ్బరు చిరిగిపోతుంది, అందుకని భుజాలూ నడుమూ మోసేట్టు లోపల నిలబెట్టిన మనిషి ఆకారపు బొమ్మకు పాలియెస్టర్ దూది చుట్టి, పైన గంజి పోయేదాకా ఉతికిన తెల్ల నూలుగుడ్డ తొడిగాను. పొట్ట కూడా ఆ బొమ్మకే ఉంది, వేషానికి కొత్తగా ఏదీ అతికించలేదు. కిటికీకి మందపు తెర, చిన్న ఎల్ఈడీ బల్బు, వెలుతురు 50 లక్స్ దాటకుండా.

ఎత్తు దగ్గర ఆగిపోయాము. ఎలుగుబంటి కళ్లు ఉత్త గాజు గోళీలు. పెదనాన్న చూసింది తెరిచిన నోట్లోంచి, నాలుక వెనక కుట్టిన నల్ల వలగుడ్డలోంచి. అందుకే ఆయన్ను గోడ పక్కన నిలబెట్టి, కంటి ఎత్తుకు పెన్సిల్‌తో గీత గీశాను. వలగుడ్డ ఆ గీతకు సరిపోయేదాకా స్టాండు కిందికి దించాము.

[పెదనాన్న ఎలుగుబంటి ఎదురుగా నిలబడి, దాని నోట్లోకి చూస్తాడు.]