బీరువాలోని పాత ఫైలు

హోస్ట్: నమస్కారం. ఈరోజు విశాఖ ఎంవీపీ కాలనీలో మా పిన్ని ఇంటి వరండాలో కూర్చున్నాం. కుక్కర్ కూత వినిపిస్తే సర్దుకోండి. పిన్నీ, బీచ్ రోడ్డు సంగతి చెప్పు.

పిన్ని: ఏముంది నాన్నా, రోజూ కాళీమాత గుడి నుంచి సబ్‌మెరైన్ మ్యూజియం దాకా నడిచేదాన్ని. పోయినేడాది సగం దూరానికే ఆయాసం. గట్టుమీద కూర్చుంటే తగ్గేది, లేచి నడిస్తే మళ్లీ వచ్చేది. గ్యాస్ అనుకుని జీలకర్ర నీళ్లు తాగాను. 30 ఏళ్లు నర్సుగా చేసినదాన్ని, నేనే!

హోస్ట్: డాక్టరేమన్నారు?

పిన్ని: మొదట చూసినాయన వయసన్నారు. షుగరా, బీపీయా అని అడిగారు. రెండూ లేవు. రేడియేషన్ సంగతి ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. 14 ఏళ్ల కిందటి రొమ్ము క్యాన్సర్, నయమైపోయింది కదా అని. రెండో డాక్టరమ్మ పాత ఫైలు తెమ్మన్నారు. అందులో ‘ఎడమ’ అన్న మాట మీద వేలు పెట్టి ఆగిపోయారు.

హోస్ట్: ఎడమైతే ఏంటి?

పిన్ని: గుండె అటే కదా. కిరణాలు రొమ్ముకిచ్చినా, వెనకున్న గుండెకీ కాస్త తగులుతాయి. ముందువైపు దిగే రక్తనాళం, ఎల్ఏడీ అంటారు, అదే దగ్గర. దాని లోపలి పొర దెబ్బతిని, ఏళ్ల తరబడి మెల్లగా సన్నబడుతుంది. నాకు అక్కడే బ్లాక్. స్టెంట్ వేశారు. కొందరికి గుండె కవాటాలు బిగుసుకుంటాయి.

హోస్ట్: డెన్మార్క్, స్వీడన్‌లలో 1958 నుంచి 2001 దాకా రొమ్ము క్యాన్సర్‌కి రేడియేషన్ తీసుకున్న 2,168 మంది ఆడవాళ్ల మీద చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. గుండెకి పడే సగటు డోసు ఒక్కో గ్రే (రేడియేషన్‌ని కొలిచే యూనిట్) పెరిగేకొద్దీ గుండెపోటు లాంటి వాటి ముప్పు 7.4 శాతం చొప్పున పెరిగిందట. చదవగానే టెన్షన్ వచ్చింది.

పిన్ని: వందలో ఏడుగురికి వస్తుందని కాదురా. ముందే ఉన్న ముప్పు మీద అంత కలుస్తుంది. అది తక్కువుంటే కలిసేదీ తక్కువే. సిగరెట్టూ షుగరూ ఉన్నవాళ్లకి లెక్క వేరు. రేడియేషన్ అయ్యాక అయిదేళ్లలోపే ఆ ముప్పు మొదలై, 20 ఏళ్లకీ పోదట.

హోస్ట్: అయితే రేడియేషన్ వద్దనాలా?

పిన్ని: ఛ! అది లేకపోతే ఈ కబుర్లుండేవా? ఇప్పుడు ఊపిరి బిగపట్టించి ఇస్తున్నారు. ఊపిరితిత్తులు నిండితే గుండె కాస్త దూరం జరుగుతుంది. మా ఆడపడుచు దానికోసమే ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ చూస్తూ 20 అంకెలు లెక్కపెట్టి ప్రాక్టీసు చేసేది. మధ్యలో నవ్వొచ్చి వదిలేసేది.

హోస్ట్: ఫైలు మళ్లీ బీరువాలోకి వెళ్లిందా?

పిన్ని: హ్యాండ్‌బ్యాగులో ఉంది. పళ్ల డాక్టరుకీ తీసి చూపించాను. ఆయన పాపం, ముందు పన్ను చూడనివ్వండమ్మా అన్నాడు.